ఈఈజీలో టాస్క్, బ్రేక్ భాగాలు గుర్తించడం: ప్రతి బ్లాక్‌లో ఒక ట్రయల్ ఎందుకు పోతోంది?

అలల_లెక్క · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. వర్కింగ్ మెమరీ (కాసేపు మనసులో పట్టుకునే జ్ఞాపకం) ప్రయోగపు ఈఈజీ డేటా, అంటే తలమీద ఎలక్ట్రోడ్లతో తీసిన మెదడు విద్యుత్ సిగ్నల్, ప్రీప్రాసెసింగ్ (విశ్లేషణకు ముందు శుభ్రం చేయడం) మొదలుపెట్టాను. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా వివరాలన్నీ ముందే పెట్టేస్తున్నా.

64 ఛానెళ్లు, 500 హెర్ట్జ్ (సెకనుకు 500 శాంపిళ్లు), బ్రెయిన్‌విజన్ ఫార్మాట్ ఫైళ్లు. ఒక్కొక్కరికి 6 బ్లాకులు, బ్లాక్‌కు 30 ట్రయల్స్, మొత్తం 180. ట్రయల్ ఇలా నడుస్తుంది: 2 సెకన్లు ప్లస్ గుర్తు, 1 సెకను అక్షరాలు, 5 సెకన్లు ఖాళీ తెర, ఆ తర్వాత ప్రోబ్ (గుర్తున్నదాన్ని పరీక్షించే ప్రశ్న). ఒక అక్షరాల తెర నుంచి తర్వాతి దానికి దాదాపు 11 సెకన్లు. ట్రిగ్గర్, అంటే ఈఈజీ ఫైల్లో పడే సమయపు గుర్తు, వెళ్లేది అక్షరాలు కనిపించినప్పుడు మాత్రమే (తక్కువ లోడ్‌కు, అంటే గుర్తుంచుకోవాల్సింది తక్కువైతే, ఎస్ 11, ఎక్కువ లోడ్‌కు ఎస్ 12). బటన్ నొక్కిన సమయాలు బిహేవియర్ లాగ్‌లో ఉన్నాయి గానీ ఈఈజీ ఫైల్లో లేవు. బ్లాకుల మధ్య బ్రేక్ ఎంతసేపన్నది పాల్గొన్నవాళ్ల ఇష్టం, స్పేస్ నొక్కితే మళ్లీ మొదలు. ఇద్దరు ముగ్గురికి తప్ప అందరికీ బ్రేక్‌లో కూడా రికార్డింగ్ నడుస్తూనే ఉంది.

ఎంఎన్ఈ పైథాన్‌లో (ఈఈజీ విశ్లేషణ లైబ్రరీ) బ్రేక్ భాగాలకు గుర్తు వేసే ఎనొటేట్_బ్రేక్ ఫంక్షన్‌ను డిఫాల్ట్ విలువలతో నడిపి, ట్రిగ్గర్‌కు మైనస్ 1 నుంచి ప్లస్ 7 సెకన్ల దాకా ఎపాక్‌లు (ఒక్కో ట్రయల్‌కు కత్తిరించిన ముక్కలు) తీశాను. రికార్డింగ్ ఆగినవాళ్లను పక్కన పెడితే, 180 రావాల్సిన చోట దాదాపు అందరికీ 174 వస్తున్నాయి. ఒక్కరికి మాత్రం 175.

ఇంకో రెండు ప్రశ్నలు. బ్రేక్ భాగాలను కోసి పారేయమని ల్యాబ్‌లో సీనియర్లు అంటున్నారు. గైడ్ గారేమో బ్రేక్‌నే బేస్‌లైన్‌గా (పోలికకు ఆధారంగా) వాడితే ఎలా ఉంటుందని అడిగారు. ఏది ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి?

---

ఒక్కనిమిషం · సోమవారం, రాత్రి 9:20

6 బ్లాకులు, పోయినవి 6. డ్రాప్ లాగ్ (ఏ ఎపాక్ ఎందుకు పోయిందో చెప్పే జాబితా) చూశారా? ప్రతి బ్లాక్‌లో మొదటిదా, చివరిదా?

---

అలల_లెక్క · సోమవారం, రాత్రి 9:31

చూశాను. చివరివే. కారణం దగ్గర బ్యాడ్_బ్రేక్ అని ఉంది. 175 వచ్చినాయనకు ఆఖరి బ్లాక్ చివరి ట్రయల్ మిగిలింది.

---

కోడ్‌గూటిలో · సోమవారం, రాత్రి 10:05

దొరికింది. ఆ ఫంక్షన్ సిగ్నల్ వైపు చూడనే చూడదండీ. ఆల్ఫా తరంగాలు పెరిగాయా, మనిషి కదిలాడా అన్నది దానికి అనవసరం. ఎనొటేషన్ల (ఫైల్లోని గుర్తులు, మీ ట్రిగ్గర్లూ వాటిలోవే) మధ్య ఖాళీ ఎంతుందో కొలుస్తుంది, అంతే. ఖాళీ 15 సెకన్లకు తగ్గకుండా ఉంటే బ్రేక్ అనుకుంటుంది. అందులో ముందు 5 సెకన్లు, చివర 5 సెకన్లు వదిలేసి మధ్యదానికి బ్యాడ్_బ్రేక్ అని పేరు పెడుతుంది.

మీ చివరి ట్రయల్‌కు ఉన్న ఒకే ఒక్క గుర్తు అక్షరాల ట్రిగ్గర్. అక్కడి నుంచి 5 సెకన్లు దాటగానే బ్రేక్ మొదలైపోయింది. మీ ఎపాక్ 7 సెకన్ల దాకా పోతుంది కాబట్టి చివరి 2 సెకన్లు బ్రేక్‌లో పడ్డాయి, ట్రయల్ మొత్తం ఎగిరిపోయింది. ఆ సమయానికి మనిషి ఇంకా అక్షరాలు మనసులో పట్టుకునే ఉన్నాడు, ప్రోబ్ కూడా రాలేదు. ఫంక్షన్ లెక్కలో మాత్రం అప్పటికే విశ్రాంతి తీసుకుంటున్నాడు.

175 సంగతి: ఆఖరి ఎనొటేషన్ నుంచి రికార్డింగ్ ముగిసేదాకా ఉన్న ఖాళీని కూడా అది ఇదే కొలతతో చూస్తుంది. ఆయన ఫైల్లో చివరి ట్రిగ్గర్ తర్వాత 15 సెకన్లలోపే స్టాప్ నొక్కి ఉంటారు. ఒకసారి చూడండి.

ప్రస్తుతానికి టీ_స్టార్ట్_ఆఫ్టర్_ప్రీవియస్ (ముందు వదిలే సెకన్లు) విలువను 8 చేయండి. 8, 5 కలిపితే 13, కనీస బ్రేక్ 15కు లోపలే ఉంది. 10 పెడితే మొత్తం 15 అయి, ఇక బ్రేక్‌కు మిగిలేదేమీ లేదని ఎర్రర్ ఇస్తుంది.

---

అలల_లెక్క · సోమవారం, రాత్రి 10:22

చూశాను, చివరి ట్రిగ్గర్ తర్వాత 12 సెకన్లే ఉంది. 8 పెడితే దాదాపు అందరికీ 180 వస్తున్నాయి. చాలా థ్యాంక్స్!

---

అర్ధవిరామం · సోమవారం, రాత్రి 11:02

180 వచ్చాయని సంబరపడే ముందు ఒక్కమాట. ఇది అంకెల్ని తిప్పి జవాబు రప్పించడం. బ్రేక్ అంటే ఏమిటో చెప్పాల్సింది టాస్క్. గుర్తుల మధ్య ఖాళీని చూసి ఊహించడం వేరే దారిలేనప్పుడు చేసే పని.

మీ ట్రయల్స్ మధ్య 11 సెకన్లు కాబట్టి ఇది నడిచింది. తర్వాతి ప్రయోగంలో విరామం 4 సెకన్లు పెంచారనుకోండి. ప్రతి రెండు ట్రయల్స్ మధ్యా 15 సెకన్ల ఖాళీ వస్తుంది, డిఫాల్ట్ విలువలతో ప్రతి చోటా 5 సెకన్ల బ్రేక్ పుట్టుకొస్తుంది. మొదట్లో ఒకే ట్రిగ్గర్ పంపి 2 నిమిషాలు మనసులో లెక్కలు చేయించే టాస్క్ అయితే టాస్క్ అంతా బ్రేకే.

తిరగేసి చూడండి. బ్రేక్ 24 సెకన్లు. సరిగ్గా మధ్యలో ఎవరో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో "దగ్గు" అని కామెంట్ కొట్టారు. అటు 12, ఇటు 12. ఏదీ 15 కాదు. ఫంక్షన్ లెక్కలో అక్కడ బ్రేకే లేదు, దగ్గుతో సహా మొత్తం టాస్క్‌లో కలిసిపోతుంది.

---

కోడ్‌గూటిలో · సోమవారం, రాత్రి 11:15

కామెంట్ల సమస్యకు ఇగ్నోర్ అనే ఆప్షన్ ఉంది. డిఫాల్ట్‌గా బ్యాడ్, ఎడ్జ్ అని మొదలయ్యేవాటిని వదిలేస్తుంది, ఆ జాబితాకు కామెంట్లనూ చేర్చుకోవచ్చు. మిగతాదంతా ఒప్పుకుంటాను.

---

పాతనోట్‌బుక్ · మంగళవారం, ఉదయం 7:40

అర్ధవిరామం గారు చెప్పినదాన్ని ఇప్పుడున్న డేటాతోనే చేయవచ్చు, కొత్త రికార్డింగ్ అక్కర్లేదు.

బ్లాక్‌కు 30 ట్రయల్స్ అని తెలుసు. కాబట్టి ప్రతి 30 ట్రిగ్గర్లూ ఒక బ్లాక్. మొదటి ట్రిగ్గర్‌కు 3 సెకన్ల ముందు నుంచి, చివరి ట్రిగ్గర్ తర్వాత 8 సెకన్ల వరకు ఒకటే పొడవాటి ఎనొటేషన్ వేయండి: ఆన్‌సెట్, నిడివి, పేరు "బ్లాక్_1". ఇలా ఆరు. ఎనొటేట్_బ్రేక్ ఖాళీని కొలిచేది ఒక ఎనొటేషన్ ముగిసిన చోటు నుంచి తర్వాతిది మొదలయ్యే చోటుకు. బ్లాక్ మొత్తాన్ని ఒక ఎనొటేషన్ కప్పేస్తే లోపల ట్రయల్స్ ఎంత ఎడంగా ఉన్నా అక్కడ బ్రేక్ పుట్టదు. ముందు వెనక వదిలే సెకన్లు రెండూ సున్నా చేయవచ్చు, కనీస బ్రేక్ కూడా బాగా తగ్గించవచ్చు. అసలు ఆ దశకు వచ్చాక ఫంక్షన్ అవసరమే ఉండదు, బ్లాక్ కానిదంతా బ్రేక్ అని మీరే నాలుగు లైన్లలో రాసుకోవచ్చు.

మూడు చోట్ల చెయ్యి జారే అవకాశం ఉంది.

ఆ ఫంక్షన్ బ్రేక్ ఎనొటేషన్లను తిరిగి ఇస్తుంది, డేటాకు తనంతట తాను అంటించదు. దాని ఫలితాన్ని నేరుగా సెట్_ఎనొటేషన్స్‌లో పెడితే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ట్రిగ్గర్లతో సహా. పాతవాటికి కొత్తవి కలిపి పెట్టాలి.

పేరు బ్యాడ్ అని మొదలైతేనే ఎపాక్‌లు తీసేటప్పుడు ఆ భాగం వదిలేస్తుంది. ఉత్త "బ్రేక్" అని పేరు పెడితే తెరమీద రంగు కనిపిస్తుందే తప్ప ఒక్క ఎపాక్ కూడా పోదు. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అన్న తేడా కూడా చూడదు. (బొమ్మలు చూపించే ప్రయోగాల్లో బొమ్మ పేరునే ఎనొటేషన్‌గా పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో "బ్యాడ్మింటన్" కూడా బ్యాడ్ అనే మొదలవుతుంది మరి. ఆ బొమ్మ ట్రయల్స్ అన్నీ చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి.)

బ్లాక్ ఎనొటేషన్లు వేశాక ఈవెంట్స్_ఫ్రమ్_ఎనొటేషన్స్ వాటిని కూడా ఈవెంట్లుగా పట్టుకుంటుంది. ఎపాక్‌లకు ఏ ఈవెంట్లు కావాలో పేరు పెట్టి అడగండి.

---

మ్యాట్‌ల్యాబ్_పాతకాపు · మంగళవారం, ఉదయం 9:18

అంతా పైథాన్ గోలేనా! మ్యాట్‌ల్యాబ్‌లో నడిచే ఈఈజీల్యాబ్ వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ.

కోయాలా వద్దా అని అడిగారు కదా. మా దగ్గర కోయడమే ఆనవాయితీ. ఈఈజీల్యాబ్‌కు జతగా వాడే ఎర్ప్‌ల్యాబ్‌లో "డిలీట్ టైమ్ సెగ్మెంట్స్" అని ఉంటుంది. రెండు ఈవెంట్ కోడ్‌ల మధ్య ఇన్ని మిల్లీసెకన్లకు మించి ఖాళీ ఉంటే తీసెయ్, ఈవెంట్‌కు ముందు ఇంత, తర్వాత ఇంత ఉంచు అని అడుగుతుంది. మీ ఫంక్షన్ లాంటిదే, తేడా ఏమిటంటే ఇది గుర్తు పెట్టి ఊరుకోదు, కోస్తుంది. కోసిన చోట "బౌండరీ" ఈవెంట్ పడుతుంది. దాన్ని దాటుకుంటూ పోయే ఎపాక్‌లను ఈఈజీల్యాబ్ తనే తీసేస్తుంది. ఫైలు చిన్నదవుతుంది, స్క్రోల్ చేసి కంటితో చూడటం తేలిక. అందులో తప్పేముంది?

ఒక్కటే నియమం: హైపాస్ ఫిల్టర్ (నెమ్మదైన ఊగిసలాటను తీసేసేది) ముందు, కోత తర్వాత.

---

అర్ధవిరామం · మంగళవారం, ఉదయం 9:50

తప్పు లేదు కాపుగారూ, కానీ కోశాక సమయం జరిగిపోతుంది. కోసిన ఫైల్లో 900వ సెకను దగ్గర ఉన్నది అసలు రికార్డింగ్‌లో ఎక్కడిది అంటే బౌండరీల నిడివి అన్నీ కూడుకుంటూ వెనక్కి పోవాలి. బిహేవియర్ లాగ్‌తో, ఐ ట్రాకర్‌తో పోల్చుకోవాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. గుర్తు అయితే నచ్చకపోతే చెరిపేయవచ్చు.

పైగా "ఫిల్టర్ ముందు" అనే నియమం అంత అమాయకమైనది కాదు. బ్రేక్‌లో మనిషి టోపీ సర్దుకున్నాడు, సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఎగిరింది. ముందే ఫిల్టర్ చేస్తే ఆ ఎగురుడు ఫిల్టర్ పొడవున అటూ ఇటూ పాకుతుంది. మీరు బ్రేక్‌ను కోసేసినా దాని మరక టాస్క్‌లో మిగిలే ఉంటుంది.

---

మ్యాట్‌ల్యాబ్_పాతకాపు · మంగళవారం, ఉదయం 10:04

పాకితే ఎంత పాకుతుంది? అంకె చెప్పండి, ఊరికే భయపెట్టకండి.

---

పాతనోట్‌బుక్ · మంగళవారం, మధ్యాహ్నం 1:25

అంకె నేను చెబుతాను. ఎంఎన్ఈలో డిఫాల్ట్ ఫిల్టర్ ఎఫ్ఐఆర్ (నిర్ణీత పొడవు ఉండే రకం), హ్యామింగ్ విండో. దాని పొడవు 3.3ను ట్రాన్సిషన్ వెడల్పుతో (ఆపడం నుంచి వదలడానికి మారే హెర్ట్జ్ పట్టీ) భాగిస్తే వస్తుంది. 0.1 హెర్ట్జ్ హైపాస్‌కు ట్రాన్సిషన్ వెడల్పు 0.1 హెర్ట్జ్. అంటే ఫిల్టర్ పొడవు 33 సెకన్లు, ఇటు 16.5, అటు 16.5. మీ అక్షరాల ట్రయల్ కంటే ఎక్కువ దూరం. చివర్లలో గుణకాలు చిన్నవే, మామూలు మైక్రోవోల్టుల కదలికకు పట్టించుకోనక్కర్లేదు. మిల్లీవోల్టుల ఎగురుడుకు మాత్రం తప్పక కనిపిస్తుంది. 1 హెర్ట్జ్ హైపాస్ అయితే పొడవు 3.3 సెకన్లే, ఈ తలనొప్పి దాదాపు ఉండదు.

అయితే కోసి ఆ తర్వాత ఫిల్టర్ చేయడం ఇంకా చెడ్డది. రెండు వేర్వేరు సమయాల సిగ్నళ్లు పక్కపక్కన అతుక్కుని మధ్యలో ఒక మెట్టు ఏర్పడుతుంది, ఫిల్టర్ ఆ మెట్టును నిజమనుకుని మోగుతుంది. ఈఈజీల్యాబ్ ఫిల్టర్లు బౌండరీ చూసి ముక్కలను విడివిడిగా ఫిల్టర్ చేస్తాయి నిజమే. కానీ ముక్క చిన్నదైతే 33 సెకన్ల ఫిల్టర్‌కు అందులో చోటెక్కడుంది?

ఈ రెండింటికీ మధ్య దారి ఉంది. ఎంఎన్ఈ ఫిల్టర్‌కు స్కిప్_బై_ఎనొటేషన్ అని ఒక ఆప్షన్. అక్కడ బ్యాడ్_బ్రేక్ ఇస్తే బ్రేక్‌ను ఫిల్టర్ చేయకుండా వదిలేసి, దానికి అటూ ఇటూ ఉన్న భాగాలను విడివిడిగా ఫిల్టర్ చేస్తుంది. కోత లేదు, సమయం జరగదు, బ్రేక్‌లోని ఎగురుడు టాస్క్‌లోకి రాదు. అలల_లెక్క గారి బ్లాక్ 30 ట్రయల్స్, ట్రయల్‌కు 11 సెకన్లు, అంటే 330 సెకన్లు. 33 సెకన్ల ఫిల్టర్‌కు పది రెట్లు. హాయిగా సరిపోతుంది. 40 సెకన్ల చిట్టి బ్లాకులున్నవాళ్లు మాత్రం ఇలా చేయకండి. బ్రేక్ అంచులను కాస్త ఎడంగా ఉంచి మొత్తం కలిపే ఫిల్టర్ చేయడం మేలు.

---

మ్యాట్‌ల్యాబ్_పాతకాపు · మంగళవారం, మధ్యాహ్నం 1:40

ఇది బాగుంది. కోత విషయంలో నా మాట మార్చుకోను గానీ, లెక్క మాత్రం ఒప్పుకుంటున్నాను.

---

టెక్నీషియన్_అక్క · మంగళవారం, సాయంత్రం 6:33

నేను రికార్డింగ్ వైపు మనిషిని, అనాలిసిస్ నాకు అంతంతమాత్రం. కానీ ఒకటి అడుగుతాను అమ్మా, బ్రేక్‌లో ఏం జరిగిందో ఎవరైనా రాశారా?

మా క్లినికల్ రికార్డింగ్‌లో కళ్లు తెరిచారు, కళ్లు మూశారు, మాట్లాడారు, దగ్గారు, ఎలక్ట్రోడ్ సరిచేశాం అని ప్రతిదానికీ అప్పటికప్పుడే గుర్తు వేస్తాం. వేగంగా ఊపిరి తీయించేటప్పుడు మొదలు, ముగింపు, ఆ తర్వాత నిమిషాలు, లైటు మెరిపించేటప్పుడు ఎన్ని హెర్ట్జో, అన్నీ. ఎందుకంటే చదివే డాక్టర్ గదిలో ఉండరు. చేత్తో వేసే గుర్తు సెకనో రెండు సెకన్లో ఆలస్యంగానే పడుతుంది. ఈఆర్‌పీకి (ట్రయల్స్‌ను సగటు చేస్తే వచ్చే మెదడు స్పందన) అది పనికిరాదు గానీ బ్రేక్ హద్దులకు ధారాళంగా చాలు.

మూడో బ్రేక్‌లో చెవి వెనక ఎలక్ట్రోడ్‌కు మళ్లీ జెల్ పెట్టారనుకో, మొదటి మూడు బ్లాకుల్లో చెడ్డ ఛానెల్ తర్వాతి మూడింట్లో మంచిదవుతుంది. మొత్తం రికార్డింగ్‌కు ఒకే చెడ్డ ఛానెళ్ల జాబితా వేస్తే సగం మంచి డేటా పారేస్తావు, లేదా సగం చెడ్డది ఉంచుకుంటావు. బ్రేక్ పక్కన ఒక్క మాట రాసి ఉంటే బ్లాకులవారీగా చూసుకోవచ్చు.

ఇంకోటి. ఇద్దరు ముగ్గురికి రికార్డింగ్ ఆగిందన్నావు. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్, చర్మం మధ్య నిరోధం) చూడటానికి పాజ్ చేసి ఉంటారు. వాళ్ల ఫైళ్లు విడిగా చూడు.

---

అలల_లెక్క · మంగళవారం, సాయంత్రం 7:10

నిజమే అక్కా, ఇంపిడెన్స్ కోసమే ఆపారు. సెషన్ షీట్లలో రాసి ఉంది. కానీ వాళ్లకు బ్రేక్ సరిగ్గా పట్టుకోవడం లేదు. ట్రిగ్గర్ల మధ్య ఖాళీ 14 సెకన్లే కనిపిస్తోంది. పాజ్ చేసిన సమయం ఫైల్లో లేదు కదా, మరి ఇబ్బందేమిటి?

---

కోడ్‌గూటిలో · మంగళవారం, సాయంత్రం 7:48

ఇబ్బంది అక్కడే. పాజ్ నొక్కి మళ్లీ మొదలుపెడితే నాలుగు నిమిషాల ఎడం ఫైల్లో సున్నా శాంపిళ్లుగా మారిపోతుంది. ముందు శాంపిల్, తర్వాతి శాంపిల్ పక్కపక్కనే ఉంటాయి. కాపుగారు కోసిన ఫైలులాగే ఇదీ, రికార్డింగ్ సమయంలోనే కోత పడింది.

బ్రెయిన్‌విజన్ గుర్తులుండే వీఎంఆర్‌కే ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఉత్త టెక్స్టే. "న్యూ సెగ్మెంట్" అని లైన్లు ఉంటాయి. ఫైల్ మొదట్లో ఒకటి అందరికీ ఉంటుంది. మధ్యలో రెండోది కనిపించిందంటే అక్కడ పాజ్ అయింది. ఆ లైన్‌లో పేరు తర్వాత వచ్చే అంకె స్థానం, సెకన్లలో కాదు, శాంపిళ్లలో. లెక్క 1 నుంచి మొదలు. ఉదాహరణకు 182501 అని ఉంటే ఒకటి తీసేసి 500తో భాగించండి: 365.0 సెకన్లు. లైన్ చివర ఉండే పొడవాటి అంకె తేదీ, గడియారం సమయం. రెండు న్యూ సెగ్మెంట్ల గడియారాలు పోల్చితే పాజ్ ఎంతసేపో కూడా తెలుస్తుంది.

ఈఈజీల్యాబ్‌లో ఈ ఫైలు తెరిస్తే ఆ గుర్తు బౌండరీగా మారుతుంది. ఎంఎన్ఈలో మాత్రం మామూలు ఎనొటేషన్‌గానే ఉండిపోతుంది, పేరు బ్యాడ్ అనీ ఎడ్జ్ అనీ మొదలవదు కదా. దాన్ని దాటుకుంటూ ఎపాక్ తీసినా అడ్డుచెప్పదు, ఫిల్టర్ కూడా ఆ మెట్టు మీదుగా నేరుగా పోతుంది. ఆ క్షణం దగ్గర బ్యాడ్ బౌండరీ, ఎడ్జ్ బౌండరీ అనే ఎనొటేషన్లు రెండూ మీరే వేయండి. ఫైళ్లు కలిపినప్పుడు ఎంఎన్ఈ తనంతట తాను వేసే పేర్లే అవి.

ఇంకో చిక్కు: ఖాళీ కొలిచే ఫంక్షన్‌కు న్యూ సెగ్మెంట్ కూడా ఒక ఈవెంటే. అది మధ్యలో పడి ఖాళీని రెండు ముక్కలు చేస్తుంది.

---

ఒక్కనిమిషం · మంగళవారం, రాత్రి 8:02

ఇంతమంది ఇన్ని చెప్పాక గైడ్ గారి ప్రశ్న గాల్లోనే ఉంది. బ్రేక్‌ను బేస్‌లైన్‌గా వాడొచ్చా? నాకూ తెలుసుకోవాలని ఉంది.

---

అర్ధవిరామం · మంగళవారం, రాత్రి 9:15

వద్దు. గట్టిగానే చెబుతున్నా.

బేస్‌లైన్ అంటే మనకు తెలిసిన స్థితి అయి ఉండాలి. బ్రేక్‌లో ఒకాయన కళ్లు మూసుకుంటాడు, ఒకావిడ గదిలోకి వచ్చినవాళ్లతో మాట్లాడుతుంది, ఇంకొకరు మెడ విరుచుకుంటారు. కళ్లు మూయగానే తల వెనక భాగంలో 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా ఎగసిపడుతుంది, మనిషి ఈఈజీని మొదట రికార్డు చేసిన హాన్స్ బెర్గర్ తొలి వ్యాసాల నుంచీ తెలిసిన సంగతే. మాట్లాడితే, దవడ బిగిస్తే కండరాల సిగ్నల్ 20 హెర్ట్జ్ పైనంతా కమ్మేస్తుంది.

ఇప్పుడు మీ టాస్క్ చూడండి. అక్షరాలు మనసులో పట్టుకునే ఆ 5 సెకన్లలో వెనక భాగపు ఆల్ఫా లోడ్‌ను బట్టి మారుతుందా అన్నదే కదా మీ ప్రశ్న? ఇలాంటి టాస్కుల్లో లోడ్ పెరిగితే ఆల్ఫా పెరిగిందని చాలామంది చూపించారు. బ్రేక్‌లో కళ్లు మూసుకున్న మనిషి ఆల్ఫాతో భాగిస్తే అదే డేటాలో ఆల్ఫా తగ్గిపోయినట్టు వస్తుంది. కళ్లు తెరిచి ఫోన్ చూసుకున్న మనిషికి ఇంకోలా వస్తుంది. అప్పుడు మీరు కొలిచేది జ్ఞాపకశక్తిని కాదు, బ్రేక్‌లో ఎవరెవరు కునుకు తీశారన్నదాన్ని.

ప్రతి ట్రయల్ ముందూ 2 సెకన్ల ప్లస్ గుర్తు ఉంది. కళ్లు తెరిచి, తెర చూస్తూ, ఊరికే ఉన్న సమయం. బేస్‌లైన్ అక్కడ తీసుకోండి. విశ్రాంతి స్థితే కావాలంటే దానికి విడిగా రికార్డింగ్ చేయాలి, కళ్లు తెరిచి ఇంత, మూసి ఇంత, రెండింటికీ గుర్తులతో.

---

అలల_లెక్క · మంగళవారం, రాత్రి 9:40

గైడ్ గారికి ఇది యథాతథంగా చూపిస్తాను, పేరు తీసేసి :) మరి ఐసీఏకి (కలిసిపోయిన సిగ్నళ్లను కాంపొనెంట్లుగా విడదీసే పద్ధతి)? బ్రేక్‌లో కనురెప్పల కదలికలు దండిగా ఉంటాయి, ఉంచితే కంటి కాంపొనెంట్ బాగా వస్తుందని ఎక్కడో చదివాను.

---

మ్యాట్‌ల్యాబ్_పాతకాపు · మంగళవారం, రాత్రి 10:11

ఆ మాట అనేవాళ్లు ఉన్నారు. డేటా చాలనప్పుడు అందులో కొంత న్యాయం ఉంది. మీకు చాలుతుందో లేదో లెక్కేద్దాం. ఈఈజీల్యాబ్ వాళ్ల మోటు లెక్క: ఛానెళ్ల సంఖ్య వర్గాన్ని 20 నుంచి 30తో గుణిస్తే వచ్చినన్ని శాంపిళ్లు కావాలి. 64 వర్గం 4096, 30తో గుణిస్తే 1,22,880. 250 హెర్ట్జ్‌కు తగ్గించి చేసినా 8 నిమిషాల 12 సెకన్లు. మీ ఆరు బ్లాకులు కలిపి 33 నిమిషాలు. బ్రేక్‌లను ముట్టుకోనక్కర్లేదు.

అదే 128 ఛానెళ్లయితే అవసరం నాలుగు రెట్లు, దాదాపు 33 నిమిషాలు. అప్పుడు మీ డేటా అంచు మీద ఉన్నట్టు.

బ్రేక్‌ను ఉంచితే నష్టమేమిటంటే, మాటలు, దవడ, మెడ కండరాలు ఒక్కొక్కటీ ఒక్కో కాంపొనెంట్‌ను మింగేస్తాయి. టాస్క్‌లో లేనే లేని చెత్తను విడదీయడానికి ఐసీఏ తన శక్తంతా ఖర్చు పెడుతుంది. 1 హెర్ట్జ్ హైపాస్ చేసిన కాపీ మీద టాస్క్ భాగాలతో ఐసీఏ నేర్పించి, వచ్చిన కాంపొనెంట్లను 0.1 హెర్ట్జ్ డేటాకు అన్వయించండి.

---

కోడ్‌గూటిలో · మంగళవారం, రాత్రి 10:30

ఎంఎన్ఈలో ఐసీఏ ఫిట్ బ్యాడ్ భాగాలను డిఫాల్ట్‌గానే వదిలేస్తుంది. పీఎస్‌డీ (ఏ హెర్ట్జ్‌లో ఎంత శక్తి ఉందో చూపేది) కూడా. కానీ గెట్_డేటా వదలదు! చెడ్డ ఛానెళ్లు పట్టడానికి సొంతంగా స్టాండర్డ్ డీవియేషన్ లెక్కేసేవాళ్లు చాలామంది గెట్_డేటా వాడతారు, అందులో బ్రేక్‌లు నిండుగా ఉంటాయి. నుదురు రుద్దుకున్నందుకు ముందువైపు ఛానెళ్లు చెడ్డవని తేలతాయి. రిజెక్ట్_బై_ఎనొటేషన్ దగ్గర "ఒమిట్" అని ఇవ్వండి.

---

పాతనోట్‌బుక్ · బుధవారం, ఉదయం 7:15

తర్వాతి ప్రయోగానికి ట్రిగ్గర్లు మార్చే వీలుంటే బ్లాక్ మొదలుకు ఒక కోడ్, ముగింపుకు ఒక కోడ్, ప్రోబ్‌కు ఒకటి, బటన్‌కు ఒకటి పెట్టండి. ప్యారలల్ పోర్ట్‌లో 1 నుంచి 255 దాకా చోటుంది, పొదుపు దేనికి? 500 హెర్ట్జ్‌లో ఒక శాంపిల్ 2 మిల్లీసెకన్లు. అంతకన్నా పొట్టి పల్స్ పంపితే కొన్ని గుర్తులు పడవు. 5 నుంచి 10 మిల్లీసెకన్లు ఉంచి, ఆ తర్వాత సున్నాకు దించండి. బ్లాక్ ముగింపు కోడ్‌ను చివరి ప్రోబ్ జవాబు సమయం అయిపోయాకే పంపాలి.

డేటా పంచుకునే ఉద్దేశం ఉంటే బిడ్స్ (మెదడు డేటాను పంచుకునే ప్రామాణిక అమరిక) పద్ధతిలో ఈవెంట్స్ ఫైల్లో బ్లాక్, బ్రేక్ రెండింటికీ వరుసలు రాయండి. ఆన్‌సెట్, నిడివి రెండూ అక్కడ తప్పనిసరి కాలమ్‌లు, రెండూ సెకన్లలో. బ్లాక్ వరుస మీద ట్రయల్ వరుసలు పడినా ఫరవాలేదు.

---

అలల_లెక్క · బుధవారం, సాయంత్రం 5:52

బ్లాక్ ఎనొటేషన్లతో మళ్లీ నడిపాను. పాజ్ అయినవాళ్లకు బౌండరీలు వేశాను. అందరికీ 180. ఒక్కరికి 180 కాదు, 191 వచ్చాయి! సెషన్ షీట్ చూస్తే నాలుగో బ్లాక్‌లో ప్రోగ్రామ్ ఆగిపోతే బ్లాక్ మళ్లీ మొదటి నుంచి పెట్టారట. 30 ట్రిగ్గర్లకొక బ్లాక్ అని లెక్కేయడం వల్ల అక్కడి నుంచి హద్దులన్నీ జరిగిపోయాయి.

---

అర్ధవిరామం · బుధవారం, సాయంత్రం 6:20

అంటే 11 ట్రయల్స్ నడిచాక ఆగింది. ఆ 11 మీద బ్యాడ్_రీస్టార్ట్ అని వేసి, బ్లాకుల లెక్క వాటిని వదిలేసి కట్టండి. మళ్లీ మొదలైన బ్లాక్‌లో అవే అక్షరాలు అదే వరుసలో వచ్చాయేమో లాగ్‌లో చూడండి. అలా వచ్చుంటే ఆ బ్లాక్ మొదటి 11 ట్రయల్స్‌ను కూడా విడిగా గుర్తుపెట్టాలి, ఆయన వాటిని అప్పటికే చూశాడు కాబట్టి.

---

కోడ్‌గూటిలో · బుధవారం, సాయంత్రం 6:41

ఏవి ఏ బ్లాకువో కంటితో తేల్చకండి. లాగ్‌లో వరుస ట్రయల్స్ మధ్య తేడాలు తీయండి, ఈఈజీ ట్రిగ్గర్ల మధ్య తేడాలు తీయండి. రెండు వరుసలూ కొద్ది మిల్లీసెకన్ల తేడాతో సరిపోవాలి. సరిపోని మొదటి చోటే ప్రోగ్రామ్ ఆగిన చోటు. ప్రోగ్రామ్ మళ్లీ తెరిచారు కాబట్టి లాగ్ రెండు ఫైళ్లుగా ఉంటుంది, పాత ఫైలు ఎవరూ తీసేయలేదు కదా?

---

అలల_లెక్క · బుధవారం, సాయంత్రం 7:03

రెండూ ఉన్నాయి. మొదటి దాంట్లో 101 వరుసలు: మూడు బ్లాకుల 90, తర్వాత 11. అక్షరాల వరుస రెండోసారి మారింది. ఆ 11కు బ్యాడ్_రీస్టార్ట్ వేసి నడిపితే 180 వచ్చాయి.